పోటీ పరీక్షల ప్రత్యేకం: ఒకే సీటు, రెండు ఖాళీలు

ఉప ఎన్నికల నిబంధనలు గుర్తుండాలంటే సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ను చూస్తే చాలు. ఇది ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గం. 2023 ఫిబ్రవరి 19న ఎమ్మెల్యే జి. సాయన్న మరణించారు. ఉప ఎన్నిక జరగలేదు. ఎందుకు? అప్పటి శాసనసభ గడువు 2024 జనవరితో ముగుస్తుంది, అంటే మిగిలింది ఏడాదిలోపే.

2023 చివర్లో జరిగిన సాధారణ ఎన్నికల్లో ఆయన కుమార్తె లాస్య నందిత గెలిచారు. మూడు నెలలైనా నిండకముందే, 2024 ఫిబ్రవరి 23న, రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు. ఈసారి దాదాపు ఐదేళ్ల గడువుంది కాబట్టి ఉప ఎన్నిక తప్పలేదు. మే 13న లోక్‌సభ పోలింగ్‌తో పాటే జరిపారు. కాంగ్రెస్ అభ్యర్థి శ్రీగణేష్ గెలిచారు.

చట్టం: ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951. శాసనసభ ఖాళీలకు సెక్షన్ 150, లోక్‌సభకు 149. ఖాళీ ఏర్పడ్డాక ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలని, మిగిలిన పదవీకాలం ఏడాదిలోపైతే అక్కర్లేదని చెప్పేది 151ఎ. పరీక్ష రాసేవారు తడబడేది ఇక్కడే: ఆరు నెలలను, ఏడాదిని రెంటినీ ఖాళీ ఏర్పడిన తేదీ నుంచే లెక్కించాలి. కేంద్రాన్ని సంప్రదించి, ఆ గడువులో నిర్వహించడం కష్టమని ఎన్నికల సంఘం ధ్రువీకరిస్తే వాయిదాకూ వీలుంది. 2021 మార్చిలో ఖాళీ అయిన బద్వేలు శాసనసభ స్థానానికి, కరోనా కాలంలో, అక్టోబర్ 30న గానీ పోలింగ్ జరగలేదు.

పోలింగ్‌కు ముందు గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి మరణిస్తే వర్తించేది సెక్షన్ 52. దాన్ని 151ఎతో కలపొద్దు. ఉప ఎన్నికలో గెలిచినవారికి దక్కేది మిగిలిన కాలమే, కొత్తగా ఐదేళ్లు కాదు.