దక్కను ద్రాక్ష

ద్రాక్ష సమశీతోష్ణ మండలపు తీగ. అక్కడ అది చలికాలంలో ఆకురాల్చి నిద్రిస్తుంది. వసంతంలో చిగురించి ఏడాదికొక పంటనిస్తుంది. దక్కను పీఠభూమిలో ఆ నిద్రకు తగిన చలి లేదు. అందువల్ల ఇక్కడి రైతు కత్తెరతోనే ఋతువులను కల్పించుకున్నాడు. ఏప్రిల్ ప్రాంతంలో తీగను ఒకసారి కత్తిరిస్తే, వేసవి ఎండకు కొత్త కొమ్మలలో పూమొగ్గలు రూపుదిద్దుకుంటాయి. వానలు వెనుకబట్టిన అక్టోబరులో మరల కత్తిరిస్తే అవి పూతకు వస్తాయి. ఫిబ్రవరి నుండి పండ్లు చేతికందుతాయి. రెండు కత్తిరింపులకు ఒకే పంట!

19వ శతాబ్ది చివర హైదరాబాదులో అడుగిడిన అనాబ్-ఎ-షాహి రకం ఈ నేర్పుకు ఫలంగా నిలిచింది. లేత పసుపు వన్నె, పొడవాటి గింజ పండ్లు గల ఈ రకపు పందిళ్లు నగరం చుట్టూ విస్తరించాయి. తరువాత గింజలేని థాంసన్ రకం ప్రవేశించింది. ఇవి ప్రధానంగా తినుటకు పనికివచ్చేవి. ద్రాక్షాసవానికి తీపితోపాటు పులుపూ నిలవాలి. వేడి రాత్రులలో పులుపు త్వరగా తరిగిపోతుంది. అందుకే ఆ పరిశ్రమ రాత్రులు చల్లబడే నాసిక్, నందికొండల ప్రాంతాలలో వేళ్లూనుకొన్నది.

బూజు తెగులు అనాబ్-ఎ-షాహిని కుంగదీసింది. పెరిగిన నగరం తోటలను ఇంటిస్థలాలుగా మార్చింది. ఆ నగరాన్ని దాటివచ్చిన మూసీ కేతేపల్లి సమీపాన జలాశయమై నిలుస్తుంది. బత్తాయికి పేరొందిన నల్లగొండ సీమకు ఆ పందిళ్ల కథ ఒక హెచ్చరిక. కత్తిరించిన తీగ మరల చిగురిస్తుంది. ఇంటిస్థలమైన నేల చిగురించదు.