కదిలే ఇంటికి కాలింగ్ బెల్

తెనాలిలో మా ఇంటి తలుపు ఎవరు తట్టినా అమ్మ వంటింట్లోంచే "ఎవరూ?" అని కేకేసేది. బయటినుంచి "నేనే" అని వినపడేది. అంతే, గడియ తీసేసేవాళ్లం. పాలబ్బాయి నేనే వేరు, పక్కింటి పిన్నిగారి నేనే వేరు, ఊర్నుంచి వచ్చిన మావయ్య నేనే వేరు. పేరు చెప్పాల్సిన పని లేదు, గొంతే చిరునామా.

అమెరికాలో మోటార్‌హోమ్ తలుపు మీద చప్పుడైనప్పుడు ఆ ధీమా ఉండదు. నిన్న ఒక ఊరు, ఇవాళ ఇంకో ఊరు. బయట పైన్ చెట్లు, చీకటి, ఎవరో. ఆ వచ్చింది క్యాంప్‌గ్రౌండ్ బాగోగులు చూసే హోస్ట్ కావచ్చు. జనరేటర్ ఆపమని చెప్పడానికొచ్చిన రేంజర్ కావచ్చు, ఎందుకంటే జాతీయ పార్కుల క్యాంపుల్లో సాధారణంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు. మీ టైరులో గాలి తగ్గిందని చెప్పి పోదామనుకున్న పెద్దమనిషీ కావచ్చు. దుకాణాల పార్కింగుల్లో రాత్రుళ్లు బండి ఆపుకుని పడుకునేవాళ్లు ఒక చప్పుడుని "ద నాక్" అని ప్రత్యేకంగా అంటారు. ఇక్కడ ఆపకూడదు, బండి తీయండని నడిరాత్రి లేపే చప్పుడది. ఒక్కసారి విన్నవాళ్లకి ఆ తర్వాత చాలా రాత్రులు నిద్ర సరిగా పట్టదు.

మేం పాత మోటార్‌హోమ్ ఒకటి కొనుక్కుని, రెండు వేసవుల కిందట దానికి వైర్‌లెస్ వీడియో డోర్‌బెల్ పెట్టుకున్నాం. అది నాకు నేర్పిన విషయం ఒకటుంది. జాగ్రత్తను ఒకసారి కూర్చుని సరిగా సర్దుకుంటే అది మనకు కాపలా కాస్తుంది. సర్దుకోకపోతే మనమే దానికి కాపలా కాయాలి. చాలామంది రెండో పని చేస్తూ, దానికి అప్రమత్తత అని పేరు పెట్టుకుంటారు. నేనూ కొన్నాళ్లు అదే చేశాను.

ఈ పరికరం పుట్టుక తెలిస్తే ఆ తేడా బాగా అర్థమవుతుంది. న్యూయార్క్ నగరం క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఉండేవారు. వేళాపాళా లేని డ్యూటీలు. ఇంట్లో ఒంటరిగా ఉండే రాత్రులు ఎక్కువ. చుట్టుపక్కల నేరాలు పెరిగాయి, పిలిస్తే పోలీసులు వచ్చేసరికి ఆలస్యం. ఎలక్ట్రానిక్స్ తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఆమె 1966లో ఒక ఏర్పాటుకు పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. తలుపుకి నాలుగు చూపురంధ్రాలు, వాటి వెనక పైకీ కిందకీ జరిగే కెమెరా, లోపల బొమ్మ చూపించే టీవీ తెర, బయటివాళ్లతో మాట్లాడటానికి మైకు, తలుపు దగ్గరకి వెళ్లకుండానే గడియ తీసే మీట, ఆపదొస్తే మోగించే అలారం. 1969 డిసెంబరు 2న పేటెంటు వచ్చింది. ఇవాళ మన ఫోనులో కనిపించే డోర్‌బెల్లులో ఉన్నవి దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ చేసిన పని గమనించండి. భయం లేనట్టు నటించలేదు, రాత్రంతా కిటికీ దగ్గర నిలబడనూ లేదు. నిలబడే పని యంత్రానికి అప్పజెప్పి, తను మంచం మీద పడుకుని చూసేలా ఏర్పాటు చేసుకున్నారు. నాకు ఆవిడంటే చాలా గౌరవం.

ఇక బిగించే సంగతి. అమెరికా ఇళ్లలో వైరుతో నడిచే వీడియో బెల్లులకి సాధారణంగా 16 నుంచి 24 వోల్టుల ఏసీ కరెంటు కావాలి. మోటార్‌హోమ్‌లో దీపాలకీ పంపులకీ ఉండేది 12 వోల్టుల డీసీ. అందుకే బ్యాటరీ రకమే తేలిక. కొందరు వానకి తడవకూడదని దాన్ని కిటికీ అద్దం లోపల పెడతారు. అలా పెట్టకండి. ఒంటి వేడి కదలికను బట్టి మనిషిని పసిగట్టే సెన్సర్ అందులో ఉంటుంది, గాజు ఆ వేడిని దాటనివ్వదు. రాత్రయితే బెల్లు సొంత ఇన్‌ఫ్రారెడ్ వెలుగే అద్దానికి తగిలి వెనక్కొచ్చి, తెర మీద తెల్లటి పొగ తప్ప ఇంకేమీ కనపడదు. మేకులు, స్క్రూలు కూడా వద్దు. మోటార్‌హోమ్ గోడకి చిల్లు పడితే ఇవాళ కాకపోతే రేపు అందులోంచి నీళ్లు దిగుతాయి, లోపలి చెక్క పుచ్చిపోతుంది. రెండువైపులా అంటుకునే గట్టి టేపు చాలు. అంటించే ముందు గోడని ఆల్కహాల్‌తో తుడవండి. ఆ రకం టేపుకి పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. అందుకని బయల్దేరే రోజు పొద్దున కాదు, మూడు రోజుల ముందే అంటించండి. ప్రయాణంలో జరిగే సగం చికాకులు మూడు రోజుల ముందు చేయాల్సిన పని ఆ పొద్దున చేయడం వల్ల వచ్చేవే.

ఎత్తు దగ్గర నేను తప్పు చేశాను. లోపల నిలబడి, చెయ్యి బయటికి చాపి, నాకు అందినచోట అంటించాను. మోటార్‌హోమ్ లోపలి నేల బయటి నేలకంటే రెండు మూడు అడుగులు పైన ఉంటుంది. దాంతో బెల్లు కన్ను ఏడడుగుల ఎత్తున కూర్చుంది. వచ్చిన ప్రతి మనిషీ ఒక టోపీ, ఒక నడినెత్తి. ఎవరి ముఖమూ కనిపించదు, పిల్లలైతే అసలే కనిపించరు. బటన్ నొక్కడానికి పొట్టివాళ్లు మెట్టెక్కి, మునివేళ్ల మీద లేవాల్సి వచ్చేది. పీకేసి, బయటికెళ్లి మట్టి మీద నిలబడి, నాలుగడుగుల ఎత్తున, తలుపు తెరుచుకున్నప్పుడు తగలని వైపు మళ్లీ అంటించాను. ఇదొక అలవాటుగా పెట్టుకోండి. ఎదుటివాళ్లు మన దగ్గరకొచ్చే దారిని మన కుర్చీలోంచి కొలవకండి. అధికారి అయినా, తండ్రి అయినా, అత్తగారైనా, ఒకసారి బయటికెళ్లి తన తలుపు ముందు తనే నిలబడి చూసుకోవాలి. బటన్ అందుతోందా? నిలబడటానికి చోటుందా? "నాతో ఎవరూ మనసు విప్పి చెప్పరు" అని బాధపడేవాళ్లని చాలామందిని చూశాను. చాలాసార్లు బెల్లు ఏడడుగుల ఎత్తున ఉంటుంది.

అసలు పాఠం మాత్రం వెస్ట్ ఎల్లోస్టోన్‌లో దొరికింది. మోంటానా రాష్ట్రంలో, ఎల్లోస్టోన్ పార్కు పడమటి ద్వారం దగ్గరుండే చిన్న ఊరది. ఆ వేసవి అమ్మా నాన్నా మా దగ్గరకొచ్చారు. అందరం కలిసి బయల్దేరాం. పెద్దవాళ్లున్నారు కదా అని నేను సెన్సర్‌ని పూర్తి స్థాయికి పెంచాను. ఏది కదిలినా నాకు తెలియాలి. మొదటి రాత్రి ఫోను 41 సార్లు మోగింది. ఎండ పడకుండా బయటికి పరిచిన ఆనింగ్ గుడ్డ గాలికి ఊగితే ఒకటి. దారిన పోయే కారు ఇంజను వేడికి ఒకటి. పక్క సైటువాళ్లు కుక్కని తిప్పితే రెండు. ప్రతిసారీ లేచి చూశాను. రెండో రాత్రీ అంతే. మూడో రోజుకి విసుగొచ్చి ఫోనులో బెల్లు నోరు కట్టేశాను. ఆ సాయంత్రమే క్యాంపు హోస్ట్ వచ్చి బెల్లు కొట్టారు. మా కూలర్ పెట్టె బయట బల్ల మీద మర్చిపోయాం. ఎలుగుబంట్లు తిరిగే చోట తిండి వాసన బయట ఉంచకూడదు. అది మనుషులకీ ప్రమాదం, మనుషుల తిండి రుచి మరిగితే ఆ ఎలుగుకీ ప్రమాదం. బయటికెళ్లిన నాకు ఆ గంట వినపడలేదు. హోస్ట్ తలుపు తట్టేసరికి లోపల అమ్మ బెదిరిపోయి, దీపం ఆర్పి, కదలకుండా కూర్చుంది. హోస్ట్ ఒక కాగితం తలుపుకి అంటించి వెళ్లిపోయారు. నలభై ఒక్క ఉత్తుత్తి గంటలకి పరిగెత్తినవాణ్ని, ఒక్క నిజమైన గంట దగ్గర లేను. ఆ కాగితం చదువుతుంటే నిజంగా సిగ్గేసింది, అమ్మ ముఖం చూస్తే బాధేసింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. బ్యాటరీ బెల్లు మామూలుగా నిద్రపోతూ ఉంటుంది. కదలిక పసిగట్టినప్పుడల్లా లేస్తుంది, వీడియో తీస్తుంది, పంపుతుంది, మళ్లీ పడుకుంటుంది. లేచిన ప్రతిసారీ కొంత ఛార్జి పోతుంది. నెలలు రావాల్సిన బ్యాటరీ ఆ మూడు రోజుల్లో సగానికి పైగా పోయింది. దాన్ని తిన్నది అతిథులు కాదు, ఆనింగ్ గుడ్డ.

ఆ రాత్రి కూర్చుని యాప్‌లో హద్దు గీశాను. ఏ మేర కదలికకి మోగాలో తెర మీద వేలితో గీసుకునే ఏర్పాటు అందులో ఉంటుంది. దారి వద్దు, పక్కవాళ్ల కుక్క వద్దు, చెట్లు వద్దు. మా మెట్లు, మెట్ల ముందు నాలుగడుగుల నేల, అంతే. ఆ మేర మాత్రం మోగాలి, తప్పకుండా మోగాలి. ఆ రాత్రి ఫోను ఒక్కసారే మోగింది. నేను పడుకున్నాను, అమ్మ కూడా.

మోటార్‌హోమ్ వల్ల ఇందులో ఇంకో మెలిక ఉంది. మామూలు ఇంటికైతే ఈ గీత ఒకసారి గీస్తే చాలు. మాకు ఇల్లు కదులుతుంది, దాంతో గడప ముందున్న లోకం మారుతుంది. నిన్న చెట్టున్నచోట ఇవాళ దారి ఉంటుంది. నిన్నటి గీత ఇవాళ పనికిరాదు. కాబట్టి బండి ఆగిన ప్రతి సాయంత్రం మెట్లు దించడం, నీళ్ల గొట్టం కలపడంతోపాటు గీత మళ్లీ గీయడం కూడా ఒక పనిగా పెట్టుకున్నాం, రెండు నిమిషాలు. పొద్దున బయల్దేరేముందు బెల్లుని ఆపేస్తాం, లేకపోతే దారి పొడవునా పక్కన పోయే ప్రతి కారుకీ మోగుతుంది.

మనలో చాలామందివి కదిలే బతుకులే. ఊరు మారాం, దేశం మారాం, ఉద్యోగం మారింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. గీతలు మాత్రం పాతవే. ఎప్పుడో వదిలేసిన ఆఫీసు వాట్సాప్ గ్రూపులో గొడవకి ఇవాళ రక్తపోటు పెంచుకుంటాం. దూరపు బంధువుల ఇంట్లో పెళ్లిలో ఎవరు ఎవరిని పలకరించలేదో అర్ధరాత్రి దాకా చర్చిస్తాం. ఇవాళ ఒక్కరోజు ఒక పని చేసి చూడండి. ఫోను మోగిన ప్రతిసారీ, మనసు ఉలిక్కిపడిన ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోండి: "ఇది నా మెట్టెక్కిందా?" ఎక్కితే లేవండి, పూర్తిగా లేవండి, సగం నిద్రలో కాదు. ఎక్కకపోతే పోనివ్వండి. గీత చిన్నదైతే మనసు చిన్నదైనట్టు కాదు. నలభై కదలికల్ని వదిలేసినవాడే ఆ ఒక్క మనిషికి తలుపు తీయగలడు.

పొరుగువాళ్ల పట్లా ఇదే మర్యాద. మన బెల్లు కన్ను వాళ్ల బల్ల మీద, వాళ్ల పిల్లల మీద పడకుండా ఆ మేర నల్లగా కప్పేసే వీలు చాలా యాప్‌లలో ఉంది, వాడండి. మాటల రికార్డింగు ఆపేయడం ఇంకా మంచిది. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఆంతరంగికంగా మాట్లాడుకునేది అందరి సమ్మతీ లేకుండా రికార్డు చేయడం నేరం. చట్టం లేనిచోట కూడా అది మర్యాద కాదు.

ఇక నాన్నగారి సంగతి. ఆయనకి 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. మేం ఊళ్లోకి వెళ్తే ఆయన బండిలోనే ఉండేవారు. ఒక మధ్యాహ్నం ఎవరో బెల్లు కొట్టారు. నేను బజార్లోంచే ఫోనులో మాట్లాడేశాను. కట్టెలు అమ్మేవాళ్లు, వద్దని చెప్పి పంపేశాను. మంచి పని చేశాననుకున్నాను. రాత్రి అన్నాల దగ్గర నాన్నగారు నెమ్మదిగా అన్నారు: "ఒరేయ్, తలుపుకి అవతల ఆ మనిషి, ఇవతల నేను. మధ్యలో నువ్వు మాట్లాడితే నేను ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా?"

ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి ఆయన. ఆయన్ని కాపాడుతున్నాననుకుని ఆయన నోట్లో మాట తీసేసుకున్నాను. పెద్దవాళ్ల కోసం ఇలాంటివి పెట్టేవాళ్లందరూ ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. లోపల ఎవరున్నారో వాళ్ల చేతికి ముందు ఇవ్వండి. మర్నాడు ఒక పాత టాబ్లెట్ తలుపు పక్కన గోడకి తగిలించి, అందులో బొమ్మ వచ్చేలా చేశాం. "నాన్నగారూ, ముందు మీరే మాట్లాడండి. మీరు నన్ను పిలిస్తేనే నేను వస్తాను" అన్నాను. ఆయన ఒక కాగితం మీద తెలుగు అక్షరాల్లో "హూ ఈజ్ ఇట్, ప్లీజ్?" అని, కింద "వన్ మినిట్, ప్లీజ్" అని రాసుకుని టాబ్లెట్ పక్కన అంటించుకున్నారు. ఆ పూట గట్టిగా నాలుగైదుసార్లు చదువుకున్నారు. చూడాలి, అడగాలి, అప్పుడు గడియ తీయాలి. ఆ వరస ఆయనే పెట్టుకున్నారు. పార్కు లోపల చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు, చాలా రకాల బెల్లులు ఇంటర్నెట్ లేకపోతే సరిగా పనిచేయవు. అక్కడ మాత్రం కిటికీ తెర కొంచెం జరిపి చూసి, ఆ మాటే తలుపులోంచి గట్టిగా అడిగేవారు.

మేం వెస్ట్ ఎల్లోస్టోన్ వదిలే ముందు రోజు సాయంత్రం అమ్మ పక్క సైటు వాళ్ల పాపతో కాసేపు ఆడి తిరిగొచ్చింది. మెట్టెక్కి బెల్లు నొక్కింది. నాన్నగారు కళ్లజోడు సర్దుకుని, టాబ్లెట్ దగ్గరకెళ్లి నిటారుగా నిలబడి, "హూ ఈజ్ ఇట్, ప్లీజ్?" అన్నారు.

బయటినుంచి అమ్మ గొంతు వచ్చింది. "నేనే."

ఆయన గడియ తీశారు.