మందుల డబ్బా జోలికి వెళ్లకు

ఓల్డ్ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్.

చి. బుజ్జికి,

కుక్కపిల్ల ముందు కాలు కుంటుతోందని, నొప్పి మాత్రలో పావు ముక్క వేద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దని ఫోన్‌లో చెప్పాను గానీ, ఎందుకో కూడా నీకు తెలియాలి. అందుకే హౌరా లోకల్‌లో వస్తున్న అన్నయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

పావు కాదు తల్లీ, చిటికెడు కూడా వద్దు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కుక్కల కాలేయాన్ని, నెత్తుటిని దెబ్బతీస్తుంది. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలు పాడుచేస్తాయి. ఈ డైక్లోఫెనాక్ సంగతే చూడు. నా చిన్నప్పుడు ఊరవతల పశువు చచ్చిందంటే రాబందులు గుంపుగా వాలేవి. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు దేశమంతటా చచ్చిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకుండా ప్రభుత్వం నిషేధించింది. మనకి హాయినిచ్చే మందు నోరులేని ప్రాణికి విషమవుతుందనడానికి ఇంకేం రుజువు కావాలి? పైగా నొప్పి తెలియకపోతే కుక్కపిల్ల గెంతుతుంది, చిన్న దెబ్బ పెద్దదవుతుంది.

రాత్రంతా దాని పక్కనే కూర్చున్నావట. నువ్వు అన్నం తిన్నావా?

ముందు పాదం చూడు. మీ తాత వర్క్‌షాప్ నుంచి వచ్చేసరికి బూట్ల అడుగున లేత్ మిషన్ ఇనప రజను అంటుకుని ఉండేది. అది రాలిన క్వార్టర్ వరండాలో మా కుక్కపిల్ల కుంటితే మీ నాయనమ్మ దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడిగి, వేళ్ల సందులు ఒక్కొక్కటే విడదీసి చూసేది. ఓసారి చుట్ట తిరిగిన సన్నటి ఇనప పీచు మెత్తలో దిగబడి ఉంటే పట్టకారుతో మెల్లగా లాగేసింది. సైరన్ మోగితే ఆ కుక్క సైకిళ్ల బారుకి ఎదురెళ్లి మీ తాతని వెతుక్కునేది.

నీది అయిదు నెలల లాబ్రడార్. ఆ వయసు నుంచి ఏడాదిన్నర దాకా పెద్ద జాతి కుక్కలకి ఒక ఎముక నొప్పి వస్తుంది. ఈ కాలి నుంచి ఆ కాలికి మారుతూ చాలావరకు దానంతటదే పోతుంది. కానీ లేత ఎముకల కొసలు సోఫా మీంచి దూకినా చిట్లుతాయి. ఏది ఏమిటో డాక్టరు చూసి, ఎక్స్‌రే తీస్తే గాని తేలదు. అందాకా మెట్లు, పరుగులు ఆపించు. నున్నటి టైల్స్ మీద గోనెపట్టా పరుచు. బయటికి గొలుసుతోనే తీసుకెళ్లు. చెవుల వెనక పిడుదులున్నాయేమో చూడు, వాటివల్ల వచ్చే జ్వరంలోనూ కాళ్లు పట్టేస్తాయి. క్యాల్షియం టానిక్ నీ అంతట నువ్వు పొయ్యకు, ఎక్కువైనా ఎముకలకి చేటే.

కాలు అసలు కింద పెట్టకపోయినా, వాచినా, తిండి మానేసినా ఒక్క పూట కూడా ఆగొద్దు. రెండోరోజూ కుంటుతోందంటే ఎలాగూ చూపించాల్సిందే. బెల్గాచియాలో 1893 నాటి పశువైద్య కళాశాల ఉంది, నువ్వుండే శ్యాంబజార్‌కి పక్కనే. అక్కడి ఆస్పత్రికి తీసుకెళ్లు. బల్లెక్కిస్తే భయానికి కుంటడం దాచేస్తుంది, ఇంట్లో నడిచేటప్పుడే ఫోన్‌లో వీడియో తియ్యి. డాక్టరు రాసిన మందే, ఆయన చెప్పిన మోతాదులోనే వెయ్యి.

ఇట్లు,
మీ పెద్దనాన్న