మరుగుపడిన మహావిద్వాంసుడు

విద్య గలవారందరును కీర్తి పొందుదురని చెప్పజాలము. కొందరి కృతులు ఏండ్ల తరబడి మూగవోయి పడియుండి, యోగ్యుడైన మరియొకని చేతిలో తిరిగి పలుకును. ఫ్రాన్సు దేశమున పుట్టిన షార్ల్ వాలంతిన్ ఆల్కాన్ చరిత్ర ఇట్టిది.

పియానో ఐరోపా ఖండపు వాద్యము. దాని మీటలను వ్రేళ్లతో నొక్కగా, లోపలి చిన్న సుత్తులు తంత్రులను తాకి నాదము పుట్టించును. పందొమ్మిదవ శతాబ్దమున పారిస్ నగరము పియానో విద్వాంసులకు ఆటపట్టుగా నుండెను. పోలెండు దేశీయుడైన షోపాన్, హంగరీ దేశీయుడైన లిస్ట్ అచ్చటనే పేరు గడించిరి. ఆల్కాన్ ఆ యిరువురికిని సాటివాడు. నేడు వారి పేర్లు లోకమెల్ల ఎరుగును. ఆల్కాన్ పేరు ఎరిగినవారు కొలదిమంది.

అతడు 1813 నవంబరు 30వ తేదీన పారిస్ నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి సంగీత పాఠశాల నడుపుచుండెను. బాలుడు ఆరేండ్లు నిండకమునుపే ప్రసిద్ధమైన పారిస్ సంగీత కళాశాల పరీక్షకులను మెప్పించెను. పదియేండ్ల ప్రాయమున, 1824లో, పియానో వాదనమునందు ప్రథమ బహుమతి పొందెను. షోపాన్ అతనికి ఆప్తమిత్రుడు, ఇరుగుపొరుగువాడు. ఆల్కాన్ వ్రేళ్ల నైపుణ్యమును మించినది తాను ఎరుగనని లిస్ట్ పలికెనని చెప్పుదురు.

1848లో అతనికి గొప్ప ఆశాభంగము కలిగెను. తాను చదివిన కళాశాలలో పియానో ఆచార్యపదవి ఖాళీ కాగా, అది తనకే దక్కునని అతడు నమ్మియుండెను. రచయిత్రి జార్జి సాండ్ మున్నగువారు అతని పక్షమున నిలిచిరి. అయినను ఆ పదవి అతనికంటె చిన్నవాడైన మార్మోంటెల్‌కు లభించెను. మరుసటి యేడు షోపాన్ మరణించెను. తాను ముగింపలేకపోయిన పియానో బోధన గ్రంథపు ప్రతిని ఆల్కాన్, రేబర్ అను మిత్రుల కిమ్మని అతడు కోరిపోయెను. 1853 తరువాత దాదాపు ఇరువది యేండ్లు ఆల్కాన్ బహిరంగ సభలకు దూరముగా నుండెను.

ఏకాంతమున నున్నను అతడు సోమరి కాలేదు. 1857లో పండ్రెండు సాధనకృతుల సంపుటమును ప్రకటించెను. సాధనకృతి యనగా వ్రేళ్లకు నేర్పు కలిగించుటకై వ్రాయబడునది. ఆల్కాన్ చేతిలో అది మహాకృతియైనది. ఐరోపా సంగీతమున ‘కన్చెర్టో’ అను రచన కలదు. అందు ఒక విద్వాంసుడును, పెద్ద వాద్యబృందమును సంవాదము చేయుచున్నట్లు వాయింతురు. ఆల్కాన్ ఈ సంపుటములోని 8, 9, 10 కృతులను కలిపి, బృందము లేకయే కన్చెర్టో రచించెను. బృందపు గర్జనమును, ఒంటరి వాద్యపు పలుకును, రెంటిని ఒక్కని పది వ్రేళ్లే వినిపింపవలెను. దానిని వాయించుటకు సుమారు ఏబది నిమిషములు పట్టును. సంపుటములోని చివరి కృతి పేరు ‘ఈసపు విందు’. మీరెరిగిన నీతికథల ఈసపే ఇతడు. అందు ఒక చిన్న వరుసను ఇరువదియైదు విధములుగా మార్చి చూపెను.

కాని ఈ కాఠిన్యమే ఆ కృతులకు శత్రువయ్యెను. వాయింపగలవారు అరుదు, వాయింపగల కర్తయో సభకు రాడు. 1873లో అతడు తిరిగి కచ్చేరీలు ఆరంభించెను గాని, పూర్వపు కీర్తి మరలి రాలేదు. 1888 మార్చి 29న మరణించెను. అతని వాదనమును నిలిపియుంచిన ధ్వనిముద్రణ మేదియు లేదు. పై అరలోని మతగ్రంథమును తీయబోగా పుస్తకముల బీరువా మీదపడి చనిపోయెనని ఒక కట్టుకథ పుట్టెను. నిజమునకు అతడు వంటయింట గొడుగులుంచు బరువైన కొయ్యసామాను క్రింద పడియుండగా ఇతరులు కనుగొనిరి. చాలకాలము లోకము అతని సంగీతమును మరచి, ఈ కథనే జ్ఞప్తియందుంచుకొనెను.

అయినను కొందరు ఆ కృతులను విడువలేదు. ఇటలీ విద్వాంసుడు బుసోని వానిని మెచ్చి సభలలో వాయించెను. అతని శిష్యుడు పెట్రి 1938లో లండను రేడియోలో వినిపించెను. 1960 తరువాత అమెరికాలో లెవెంథాల్, ఇంగ్లండులో రోనాల్డ్ స్మిత్ ఏండ్లకొలది సాధన చేసి వానికి ప్రాణము పోసిరి. 1977లో లండనున ఆల్కాన్ పేర ఒక సంఘము వెలసెను.

తాళపత్రములలోని కావ్యము చదువరిని కోరునట్లు, కాగితముపైని సంగీతము వాయించువానిని కోరును. ఆల్కాన్ తనకు రాని పదవికై దుఃఖించుచునే కృతులు రచించెను. వానిని వినిపించుటకు తగిన వ్రేళ్లు అతని మరణానంతరమున దొరకినవి. కృతిని నిర్మించినవాని శ్రమయే కాదు, దుమ్ము తుడిచి దానిని పలికించినవాని శ్రమయు గొప్పదియే.