పొత్తిగుడ్డలకు టిచ్ బటన్లు వద్దు

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో ఒక మాట చెప్పింది. అక్కడ సిన్సినాటీలో నువ్వు ఊపిరితిత్తుల స్కాన్ తీసే నెలలు నిండని పిల్లలు మెసిలి బొమ్మలు పాడవుతున్నాయని విసుక్కున్నావట. "కాస్త మత్తిచ్చి తీస్తే గొడవ వదిలిపోతుంది కదా" అన్నావట. మీ అమ్మ గోరంతను కొండంత చేస్తుందని తెలుసు. అయినా రాత్రి నిద్ర పట్టలేదు.

మత్తు మాట ఎత్తకు తల్లీ. ఊపిరి తీయడమే వాళ్లకు గగనం. మత్తిస్తే అదీ మందగిస్తుంది. అప్పుడు నువ్వు కొలిచేది బిడ్డ ఊపిరి కాదు, మందు ఊపిరి. మీ చిన్న ఎమ్మారైని ఏకంగా పసిపిల్లల వార్డులోనే పెట్టారని నువ్వే కదా రాశావు. పాలు పట్టి, చుట్టి, నిద్రపుచ్చి తీసుకోవడానికేగా అది! ఊపిరితిత్తుల్లో నీరు తక్కువ, గాలి ఎక్కువ గనుక సంకేతం పుట్టీ పుట్టగానే మాయమవుతుందనీ, దాన్ని పట్టుకునే పద్ధతి వేరే ఉందనీ చెప్పావు. బిడ్డ కదిలిన క్షణాలను తర్వాత ఏరి పక్కన పెట్టవచ్చనీ నువ్వే చెప్పావు. మరి విసుగెందుకు?

అన్నట్టు, చుట్టేది ఎవరు? అక్కడే ఉంది కీలకం. పొత్తిగుడ్డ పాత నూలుదై ఉండాలి. చేతులు గుండెల మీదికి మడిచి చుట్టాలి. డొక్కల దగ్గర మాత్రం బిగించకూడదు, ఎగరడానికి చోటుండాలి. టోపీ మరవకండి, వాళ్ల వేడి చాలావరకు తలలోంచి పోతుంది. బట్టలకు టిచ్ బటన్లుంటే మీ అయస్కాంతానికి పనికిరావు. జరీ అంచులూ వద్దు. అక్కడ మన తెలుగు తల్లి ఎవరైనా వెండి మొలతాడు, రక్షరేకు కట్టి ఉంటే లాగేయకు. "స్కాను అయ్యాక మళ్లీ కట్టుకో అమ్మా" అని ఆమె చేతే విప్పించు. టోపీకి నూలు గుడ్డ దొరక్కపోతే చెప్పు, కుట్టి పంపుతాను.

నెలలు నిండని పిల్లలంటే నాకు గుర్తొచ్చేది ఒకటుంది. నా చిన్నప్పుడు, 1963లో, అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు ఐదున్నర వారాలు ముందే పుట్టి రెండు రోజులైనా బతకలేదని మా నాన్న పేపర్లో చదివి వినిపించారు. అంత పెద్ద ఇంటి బిడ్డకే దిక్కులేదా అని మా అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను నర్సింగులో చేరాక, తడి ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని నిలబడేదాన్ని. నీళ్లు మోచేతి మీదుగా కారి తెల్లచీరంతా మరకలయ్యేవి. ఫిల్ములో కనిపించేది తెల్లటి మసక. ఏ మూల గాలి చిక్కి ఉబ్బింది, ఏ మూల ముడుచుకుపోయింది, తెలిస్తే ఒట్టు. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో నార్త్‌వే అనే ఆయన ఇలాంటి ఎక్స్‌రేలే వరసగా చూసి, ఆక్సిజన్‌తోనూ వెంటిలేటర్‌తోనూ గట్టెక్కిన పిల్లల ఊపిరితిత్తులకు కొత్త జబ్బు వస్తోందని గుర్తుపట్టాడు. మేం బతికించామని సంబరపడ్డ పిల్లల్లో అది ఎందరికి ఉండేదో.

నీ పని విలువ అక్కడుంది. ఊపిరితిత్తుల్లో గాలి గదులు చాలామటుకు పుట్టాకే ఏర్పడతాయి కదా, ఆ బిడ్డ ఎదుగుతుంటే అవీ ఎదుగుతున్నాయా అని చూడాలి. సీటీ అయితే మాటిమాటికీ రేడియేషన్. నీ యంత్రానికి ఆ బెడద లేదు, అదే బిడ్డను మళ్లీ మళ్లీ చూడొచ్చు.

సరేగాని, పొద్దున ఏమన్నా తింటున్నావా? మొన్నటి ఫొటోలో మెడ ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. నీ మీద కోపంతో రాయడం లేదమ్మా. నీ చేతులు వెచ్చనివి, బొమ్మ తీసే ముందు అద్దాల పెట్టెలో చెయ్యి పెట్టి ఆ బిడ్డ పాదం పట్టుకో.

ఇరవై ఆరో వారంలో పుట్టిన పిల్ల సంగతి రాస్తూ సగంలో ఆపేశావు. ఇంటికి ఆక్సిజన్‌తో పంపుతున్నారా, లేకుండానా? అది రాయి.

ఇట్లు,
మీ అమ్మమ్మ