ఇంజను నూనె

హైదరాబాదు తూర్పుదిక్కున ఉప్పల్, నాచారము గలవు. ఇంటివద్ద కారు నిలుపు చోటనే మరమ్మతునకు పూనుకొనువారు అచ్చటను కలరు. పని చిన్నదే, మురికి చిన్నది కాదు.

ఇంజను నూనె మార్చుటను చూడుడు. అడుగున నున్న బోల్టు విప్పగనే మూడు నాలుగు లీటర్ల నల్లని నూనె ఒక్కపెట్టున దూకును. బోల్టు చేజారి పళ్లెములో మునుగును. దానికై మోచేతివరకు ముంచి వెదకవలెను. ఒలికిన నూనె చెప్పుల కంటుకొని వంటయింటి గడప దాటును. రంపపుపొట్టు చల్లి ఎత్తినచో నేల తేటపడును. నీళ్లు కుమ్మరించుటకంటె తెలివితక్కువ పని లేదు; నూనె నీటిపై తేలి మురుగుకాలువ పట్టును.

అందు మసియు, అరిగిన లోహపు రజనును కలిసియుండును. 2016 నాటి కేంద్ర నియమములు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థములలో చేర్చినవి. ఈ నేల అడుగున గ్రానైటు శిల గలదు. బోరుబావుల నీరు దాని పగుళ్లలోనిదే. 1961లో స్థాపింపబడి, ఉప్పల్ మార్గమున నున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇట్టి జలములనే పరిశోధించుచున్నది. పెరటిలో పోసిన నూనె ఆ పగుళ్లకు చేరినచో, దానిని తుడుచుటకు ఏ గుడ్డయు అందదు.

చల్లారిన నూనెను పాతడబ్బాలోనికే వంపి, అనుమతి గల సేకరణదారుల కిచ్చినచో, అది శుద్ధిచేయబడి మరల కందెన యగును.