నల్లరేగడి నేలలో ఇంటి పునాది

కార్తీక మాసమునకు ముందు వెనుకలుగా తొండూరు, సింహాద్రిపురం, ముద్దనూరు ప్రాంతముల చేలలో విత్తిన శనగ, ఆ తరువాత చినుకు పడకపోయినను పూత పూసి కాయ కాయును. నల్లరేగడి దాచియుంచిన తేమయే దానికి ఆధారము. ఎఱ్ఱనేల కొద్ది రోజులలో ఆరిపోవు చోట, రేగడి మూడు నాలుగు నెలలు పైరును నిలుపును. చేనిలో ఇంత మేలు చేయు ఈ గుణమే ఇంటి క్రింద కీడు చేయుచున్నది. నేను సస్యశాస్త్రము బోధించువాడను, ఇంజనీరును కాను. అయినను రైతు సదస్సులలో శనగ తెగుళ్ళను గూర్చిన ప్రశ్నలు ముగిసిన పిదప, కొందరు ప్రక్కకు పిలిచి అడుగునది గోడ బీటలను గూర్చియే. మట్టి సంగతి కనుక సమాధానము చెప్పవలసిన బాధ్యత నాకును కలదు.

మొదట ఒక పొరపాటు అభిప్రాయమును తొలగింపవలెను. గోడ చీలగానే "సిమెంటు తక్కువ వేసినారు" అని మేస్త్రీని నిందించుట వాడుక. ఈ ప్రాంతమునకు సిమెంటు కొఱత లేదు. యెఱ్ఱగుంట్ల పరిసరములలోనే సిమెంటు కర్మాగారములు కలవు. రేగడిపై నిలిచిన ఇండ్లు పెక్కింట లోపము గోడలో కాదు, గోడ క్రింద నుండును.

రేగడి ఏల కదలును?

రేగడి బంకమట్టిలో మాంట్‌మోరిల్లోనైట్ జాతి ఖనిజము హెచ్చు. ఫ్రాన్సు దేశమునందలి మాంట్‌మోరిల్లన్ అను ఊరి పేరు దీనికి వచ్చినది. ఈ ఖనిజము కంటికి కానరాని పలుచని రేకులుగా నుండును. నీరు తగిలిన రేకుల నడుమకు చొరబడి వాటిని ఎడము చేయును, మట్టి ఉబ్బును. ఎండిన నీరు పోయి రేకులు దగ్గరగును, మట్టి కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. వేసవిలో చేనిలోని నెఱ్ఱెలో పొడవైన ఇనుప కమ్మీని దించి చూడుడు. అది ఎంత లోతు దిగునో అంతవరకు ఆ నేల ఏటేటా కదలుచున్నదని తెలియును. నెఱ్ఱె కనబడని దిగువ భాగమున కూడ కొంత కదలిక ఉండును.

మట్టి అంతయు ఒక్క తీరున లేచి, ఒక్క తీరున దిగినచో ఇంటికి పెద్ద ముప్పు లేదు. అట్లు జరుగదు. కడప జిల్లా సాలుసరి వర్షము సుమారు 700 మి.మీ.; పులివెందుల వైపు అంతకన్న తక్కువ. ఆ వర్షమైనను కొద్ది వారములలో కురిసి పోవును. ఇంటి నడుమ నేలను గచ్చు కప్పియుంచును గనుక అక్కడి తేమ ఆవిరి కాదు. ఇంటి అంచుల నేల మాత్రము వానకు తడిసి ఎండకు ఆరుచుండును. కావున అంచులు వేసవిలో దిగును, వానలలో లేచును, నడుమ భాగము ఏండ్లు గడచిన కొలది ఉబ్బియుండును. కిటికీ మూలల నుండి ఏటవాలుగా సాగు బీటలకు మూలమిదియే. వేసవిలో వెడల్పై వానలకు సన్నబడు బీటను చూచినచో రేగడి పనియని దాదాపు నిశ్చయింపవచ్చును.

మా ఇంటి అనుభవము

నా చిన్నతనమున మా తండ్రిగారు రెండేండ్ల శనగ పంట సొమ్ముతో ఇల్లు కట్టించిరి. చైత్ర మాసమున గుంతలు త్రవ్వించిరి. మూడడుగులకే గడ్డపార ఖంగుమన్నది. "గట్టి నేల తగిలింది రెడ్డీ, ఇంగ చాలు" అన్నాడు మేస్త్రీ. అందరును నమ్మితిమి. ఎండిన రేగడి రాయివలె గట్టిగా నుండునని, వాన తగిలిన జిగురువలె మెత్తబడునని చేను దున్ను మాకు తెలియనిది కాదు. గుంతలో మాత్రము ఆ సంగతి మరచితిమి. మొదటి వానలకే వంటింటి తలుపు మూసికొనలేదు. స్నానపు గది మూల పైకి లేచినది, వేపచెట్టు వైపు గోడ దిగినది. ఆ ఇంటికి మూడుమారులు గిలాబు మార్పించినాము. అప్పటి ఖర్చులో పదవ వంతు గుంతకు పెట్టియున్నచో సరిపోయెడిది. గుంత లోతు నిర్ణయించునది గడ్డపార శబ్దము కాదు; త్రవ్విన మట్టిని తడిపి చూడవలెను.

పాత మిద్దెలు ఏల నిలిచినవి?

"మా తాత కట్టిన మిద్దె నూరేండ్లయినా చెదరలేదు, అప్పుడేమి ఇంజనీర్లుండినారా?" అని అడుగుదురు. సబబైన ప్రశ్న. ఆ గోడలు రెండడుగులకు మించిన మందము గల రాతి గోడలు, బురదతో కట్టినవి. బురద అతుకు కొద్దిగా సాగును, కొద్దిగా ఒదుగును. పండుగకు పండుగకు మెత్తుచు పూయుచు ఉండుటచేత సన్న బీటలు కనబడకుండ పోయెడివి. పైకప్పు దూలములు గోడపై ఆనియుండును గాని బిగింపబడి యుండవు. మిద్దెపై చవుడు మట్టి బరువు, గోడ బరువు కలిసి నేలను అణచిపట్టెడివి. నేటి తొమ్మిదంగుళముల ఇటుక గోడ, సిమెంటు అతుకు, పైన స్లాబు బిఱుసైనవి. అవి వంగలేవు, విరుగును. అన్నిటికంటె తేలికయైన ప్రహరీ గోడ మొదట చీలుటకు కారణము కూడ ఇదియే. ఉబ్బు మట్టిపై తేలిక కట్టడమునకే ప్రమాదము హెచ్చు. "పునాది ఎంత వెడల్పైన అంత మంచిది" అను మాట కూడ రేగడిలో చెల్లదు. వెడల్పు హెచ్చిన కొలది నేలపై ఒత్తిడి తగ్గి, మట్టి పునాదిని సులభముగా ఎత్తును.

మట్టిని పరీక్షించు విధము

కొలత గీతలు గల సన్నని గాజు గొట్టములు రెండు సంపాదింపుడు. గుంత అడుగు మట్టిని ఆరబెట్టి, దంచి, పలుచని గుడ్డలో జల్లించి, ఒక్కొక్క గొట్టములో 10 గ్రాములు వేయుడు. ఒకదానిలో మంచినీరు, రెండవదానిలో కిరసనాయిలు పోసి, బాగుగా కలిపి గాలి బుడగలు పోగొట్టి, ఒక దినము కదపక ఉంచవలెను. కిరసనాయిలు వాడుక ఇప్పుడు తగ్గినది, అయినను ఈ పనికి గిద్దెడు చాలును. కిరసనాయిలులో రేగడి ఉబ్బదు, నీటిలో ఉబ్బును. కిరసనాయిలులో మట్టి 10 గీతల వరకు, నీటిలో 20 గీతల వరకు ఉన్నచో ఉబ్బు నూటికి నూరు. భారత ప్రమాణముల ప్రకారము నూటికి 50కి లోపు తక్కువ, 50 నుండి 100 మధ్యమము, 100 నుండి 200 హెచ్చు, ఆ పైన మిక్కిలి హెచ్చు. ప్రతి రెండడుగుల లోతున మట్టి తీసి పరీక్షించుట మేలు. ఒకమాట: రేగడి క్రింద సున్నపు గుండ్లు కలిసిన తెల్లని సుద్దమట్టి తగిలిన వెంటనే సంతోషింపరాదు. దానిలోను బంకమట్టి ఉండవచ్చును, దానిని కూడ గొట్టములో వేసి చూడవలెను. పులివెందులలో 2006లో స్థాపింపబడిన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాలలో గాని, ప్రొద్దుటూరిలోని యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలలో గాని మట్టి పరీక్షను గూర్చి విచారింపవచ్చును.

పాత ఊరి నత్తములో ఇల్లు కట్టువారు మఱొక జాగ్రత్త పడవలెను. వెనుకటి రోజులలో జొన్నలు నిలువచేసిన పాతరలు పూడ్చబడి, గుర్తు తెలియక, నేల అడుగున ఉండవచ్చును. ఊరి పెద్దలను అడిగి, గుంత అడుగున నాలుగు చోట్ల గడ్డపార దించి, గుల్ల లేదని తేల్చుకొనవలెను. ఇక్కడ మాత్రము గడ్డపార శబ్దము పనికివచ్చును.

పునాది ఎంత లోతు?

రేగడి ఐదడుగుల లోపు ముగిసి, క్రింద గరుసు గాని రాయి గాని ఉన్నచో చిక్కులేదు. గుంతను దానివరకు దించి, దానిలో అరడుగైనను చొప్పించి, అక్కడనే కాంక్రీటు పఱుపు వేయవలెను. త్రవ్విన నల్లమట్టిని గుంత ప్రక్కలందు మరల పోయరాదు. ఎఱ్ఱ గరుసు మట్టిని అరడుగు పొరలుగా పోసి, తగుమాత్రము తడిపి, దిమ్మిసతో కొట్టవలెను.

రేగడి ఐదు నుండి పదడుగుల వరకు ఉన్నచో గోడ పొడవునా కందకము త్రవ్వుట ఖర్చు. మూలలందు, గోడలు కలియు చోట్లందు మాత్రము పిల్లరు గుంతలను గట్టి నేలవరకు దించి, పైన ఇనుప కమ్ముల బీములతో అన్నిటిని కట్టి, గోడలను బీములపై లేపవలెను.

పదడుగులు దాటినను గట్టి నేల తగలనిచో, రూర్కీలో 1947లో నెలకొల్పబడిన కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి కలదు. దీనిని అండర్‌రీమ్డ్ పైలు అందురు. సన్నని గుండ్రని బావివలె రంధ్రము తొలిచి, అడుగున గడ్డవలె ఉబ్బుగా విప్పి, కమ్ములు దించి కాంక్రీటు పోయుదురు. ఆ ఉబ్బు సామాన్యముగా కాండపు వెడల్పునకు రెండున్నర రెట్లు ఉండును. లోతైన రేగడిలో పైలు పొడవు నేలమట్టము నుండి 3.5 మీటర్లకు, అనగా పదకొండున్నర అడుగులకు, తగ్గరాదని భారత ప్రమాణము. ఆ లోతున తేమ ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే తీరున నుండును. పై మట్టి ఉబ్బి కాండమును పట్టి లాగినను, క్రింది గడ్డ కదలనీయదు. కూలీలు చేతితో త్రిప్పి తొలుచు పరికరములను కూడ ఆ సంస్థ తయారుచేసినది. పైళ్ళపై వేయు బీమును నేలకు ఆనింపక, క్రింద సుమారు 8 సెంటీమీటర్ల ఖాళీ విడువవలెను. లేనిచో ఉబ్బిన మట్టి బీమునే ఎత్తును. ఈ ఖాళీ వ్యర్థమని మేస్త్రీలు మట్టితో నింపుట కద్దు. ఇంటివారు దగ్గరనుండి చూచుకొనవలెను. ఈ రకపు పునాదికి ఇంజనీరు లెక్క తప్పనిసరి.

గోడలను కాపాడి గచ్చును మరచుట ఇంకొక సామాన్యమైన తప్పు. గుంతలు త్రవ్విన నల్లమట్టి దగ్గరనే ఉన్నదని దానినే బేస్‌మట్టములో నింపుదురు. రెండు మూడేండ్లలో నాపబండలు నడుమ లేచి, కాలికి తగులును. బండల క్రింద రెండు మూడడుగుల రేగడిని తీసివైచి, ఉబ్బని ఎఱ్ఱ గరుసు మట్టితో నింపవలెను. ఒట్టి ఇసుక చాలదు, ఇసుకలో నీరు నిలిచి క్రింది రేగడిని తడుపుచుండును. ఉబ్బకుండ, కొంచెము జిగురు గల మట్టి పొర రేగడిని అదుపులో నుంచునని బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్.కె. కట్టి పరిశోధించి చూపిరి. రేగడిలో త్రవ్విన కాలువల లైనింగు క్రింద ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చినది.

కాంక్రీటును గూర్చి నాలుగు మాటలు చాలును. ఇనుము వేయు పనికి ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు పాళ్ళు కంకర. 50 కిలోల బస్తా 35 లీటర్ల కొలత, ఆ కొలతకు పెట్టె చేయించి కొలువుడు, తట్టలతో వేయరాదు. బస్తాకు నీరు 30 లీటర్లు మించరాదు. ఉప్పనీటి బోరు నీరు కమ్ములను తినివేయును, నాలుకకు ఉప్పదనము తెలిసిన నీటిని వాడకుడు. మన ఎండలకు పది దినములు తక్కువ కాకుండ తడుపవలెను. గుంత త్రవ్వి వారములకొలది ఎండకు వదలరాదు. చివరి అరడుగు మట్టిని పఱుపు వేయు దినముననే తీయవలెను.

నీరు, చెట్లు

పునాది ఎంత మంచిదైనను, ఒక మూల నిత్యము తడుపుచు మఱొక మూల ఎండనిచ్చినచో శ్రమ వృథా. జలగల నీరు, కుడితి తొట్టి, సెప్టిక్ ట్యాంకు, ఇంటి గోడకు ఆని పెంచు పూల మడి ఇందులకు హేతువులు. ఇంటి చుట్టు ఐదారడుగుల వెడల్పున, వెలుపలికి వాలుగా నాపరాయి పఱచి, అంచున కాలువ తీసి నీటిని దూరము పంపవలెను. జమ్మలమడుగు, యెఱ్ఱగుంట్ల వైపు ఈ రాయి పుష్కలము. దాని క్రింద కూడ గరుసు పొర మరువరాదు. కాలువ నీరు క్రొత్తగా వచ్చి ఇంటి చుట్టు తోటలు వేయు చోట్ల ఈ జాగ్రత్త మరింత అవసరము.

చెట్టు మాట చెప్పుట నాకే కష్టముగా నున్నది. వేప, చింత, యూకలిప్టస్ వేళ్ళు నేలలోని తేమను లాగి రేగడిని ఎండించును. 1976లో ఇంగ్లండులో కరవు వచ్చినపుడు లండను ప్రాంతపు బంకమట్టిపై నున్న వేలాది ఇండ్లు చీలినవి; పెక్కింట చెట్ల వేళ్ళు అందుకు తోడైనవి. చెట్టు పెరిగి ఎంత ఎత్తగునో అంత దూరమున నాటుట సురక్షితము. ఇదివరకే ఇంటి ప్రక్కనున్న పెద్ద చెట్టును ఒక్కమారుగా నరుకరాదు. అంతవరకు అది త్రాగిన నీరు మట్టిలో నిలిచి, నేల ఉబ్బి, క్రొత్త బీటలు పుట్టును. కొమ్మలను క్రమముగా తగ్గించుచు రావలెను.

ఇప్పటికే చీలిన ఇండ్లవారు తొందరపడి సిమెంటు పూయరాదు. వేసవిలో విచ్చిన బీటను గట్టిగా నింపినచో, వానలకు గోడ మూసికొనుటకు తావులేక ప్రక్కన పగులును. బీటకు అడ్డముగా సన్నని గాజు పలకను సిమెంటుతో అతికించి, ప్రక్కన తేదీ వ్రాయుడు. పలక పగిలిన కదలిక ఆగలేదని అర్థము. బీట వెడల్పును చైత్రమున ఒకమారు, కార్తీకమున ఒకమారు కొలిచి వ్రాసికొనుడు. ఈలోగా నీటి దారులను సరిచేసి, చుట్టు బండలు పఱపించుడు. ఏడాది గడచి కదలిక నిలిచిన పిదప, సున్నము ఇసుక కలిపిన మెత్తని అడుసుతో పూడ్చవచ్చును. వేలు దూరునంత బీట గాని, తూకపు గుండు పట్టిన గోడ ఒక ప్రక్కకు వాలుట గాని కనబడినచో కొలతలతో కాలము గడుపక, ఇంజనీరును పిలిపించి చూపవలెను. అంతవరకు ఆ గదిలో పండుకొనుట మానవలెను.